ఆరు ఖాతాలు, ఒక ఫోను: ప్రాజెక్టు డైరీ

జూన్ 1, 2025, ఆదివారం

గత వారం ఒక ప్రచురణ సంస్థకు, అనువాదానికి పేజీకి ఎంత తీసుకుంటానో రాసి పంపాను. మర్నాడు సంపాదకురాలు ఫోను చేశారు. "మీ మెయిల్ అందిందండీ. అంతా బాగుంది. కాకపోతే అడుగున 'కార్యదర్శి, ఫ్లాట్ల యజమానుల సంక్షేమ సంఘం' అని ఉంది. అనువాదాలు చేసేది మీరా, మీ సంఘమా?" ఆవిడ నవ్వుతూనే అడిగారు గాని నాకు తల కొట్టేసినట్టయింది. లిఫ్టు బాగుచేయించడానికి తెరిచిన ఖాతా నుంచి నా బతుకుతెరువు ఉత్తరం వెళ్లిపోయింది.

అందుకే ఈ ప్రాజెక్టు. ఇన్నేళ్లుగా పోగుపడిన మెయిల్ ఖాతాలన్నిటినీ ఒక దారికి తేవాలి. నెల రోజులు గడువు పెట్టుకున్నాను.

ముందు లెక్క. పాత క్యాలెండరు కాగితం వెనక రాస్తే ఆరు తేలాయి. మొదటిది నా సొంత జీమెయిల్. 2006లో తీసుకున్నది. అప్పట్లో అది ఎవరికి పడితే వారికి దొరికేది కాదు, అప్పటికే ఖాతా ఉన్నవాళ్లు ఆహ్వానం పంపాలి. స్నేహితురాలిని బతిమాలి తెప్పించుకున్నాను. రెండోది పని కోసం సొంత డొమైన్ (ఇంటర్నెట్‌లో నా పేరున తీసుకున్న పేరు) మీద పెట్టుకున్న చిరునామా. మూడోది నల్లకుంటలోని మా అపార్ట్‌మెంటు సంఘానిది. ఈ ఏడాది కార్యదర్శి పదవి నా మెడకు చుట్టుకుంది. నాలుగోది పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఒక సంస్థ తమ పని కోసం నాకు ఇచ్చినది. ఐదోది తెనాలిలో ఉన్న నాన్నగారిది. ఆయన కళ్లకు శస్త్రచికిత్స జరిగినప్పుడు "కొన్నాళ్లు నేను చూస్తాను" అని నా ఫోనులో పెట్టుకున్నాను, మూడేళ్లయింది, తీయలేదు. ఆరోది కాలేజీ రోజుల్లో, గంటకు 30 రూపాయలు తీసుకునే ఇంటర్నెట్ సెంటరులో తెరిచినది.

చదవని ఉత్తరాలు: సొంత ఖాతాలో 11,482. నాన్నగారి ఖాతాలో 3,106. ఆ మూడు వేల పైచిలుకులో మనిషి రాసిన ఉత్తరం ఒక్కటైనా ఉందేమోనని కొంతసేపు కిందికి తోసుకుంటూ వెళ్లాను. కనిపించలేదు.

ఈ అంకెలను సున్నా చేయాలన్న కోరిక నాకు లేదు. అలా చేసి చూపించేవాళ్లను చూస్తే, పండక్కి ఇల్లు కడిగి ఎవరినీ లోపలికి రానివ్వనివాళ్లు గుర్తొస్తారు. నాకు కావలసినవి మూడే. ఒక ఖాతా ఉత్తరం ఇంకో ఖాతా నుంచి పోకూడదు. నాన్నగారి ఫారం 16 (పింఛనులో పట్టుకున్న పన్నుకు బ్యాంకు ఇచ్చే పత్రం) వంటివి గుంపులో కొట్టుకుపోకూడదు. రాత్రి పదకొండు గంటలకు చెప్పుల తగ్గింపు ధరల గురించి ఫోను మోగకూడదు.

జూన్ 3, మంగళవారం

ఒకే యాప్‌లో అన్నీ పెట్టాలా, వేరువేరు యాప్‌లా?

జీమెయిల్ యాప్‌లో గూగుల్ ఖాతాలే కాదు, బయటి ఖాతాలనూ చేర్చుకునే వీలు 2014 చివరి నుంచి ఉంది. పక్కన మూడు గీతలు నొక్కితే అన్నిటికన్నా పైన 'అన్ని ఇన్‌బాక్స్‌లు' అని ఉంటుంది. ఖాతాలన్నిటి ఉత్తరాలూ ఒకే వరసలో కనిపిస్తాయి. చదవడానికి ఇంతకన్నా హాయి లేదు. నేను ఏడాదిగా వాడుతున్నది ఇదే. నన్ను సంపాదకురాలి ముందు నిలబెట్టింది కూడా ఇదేనని నా అనుమానం.

అనుమానంతో సరిపెట్టుకోకుండా పరీక్షించాను. ఆ వరసలో ఉండి పది ఉత్తరాలు నాకు నేనే రాసుకున్నాను. వచ్చిన ఉత్తరానికి జవాబు రాస్తే, అది ఏ చిరునామాకు వచ్చిందో అక్కడి నుంచే వెళ్తోంది. అందులో తప్పు లేదు. కొత్త ఉత్తరం మొదలుపెట్టినప్పుడే తిరకాసు. అన్ని ఖాతాలనూ కలిపి చూస్తున్నప్పుడు, పంపేవారి గడిలో ఏ ఖాతా ఉండాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి కదా. నేను నిర్ణయించకపోతే యాప్ నిర్ణయిస్తుంది. అంతకు ముందు సంఘం ఖాతా తెరిచి ఉంటే, ఆ తర్వాత ఎవరికి రాసినా నేను కార్యదర్శినే. ఆ గడి పైనే ఉంటుంది, దాని పక్కన ఖాతా మార్చుకునే చిన్న బాణం గుర్తు కూడా ఉంటుంది. కాని మనిషి చూపు దాన్ని దాటుకుని నేరుగా 'ఎవరికి' అన్న గడి మీద వాలుతుంది. పోస్టు కార్డు మీద మన చిరునామా రాసే చోటు ఎంతమంది నింపారు?

కనుక తీర్మానం: చదవడం ఎన్నయినా కలిపి చదవచ్చు. రాయడం మాత్రం కలవకూడదు. డబ్బు వచ్చే ఉత్తరాలకు యాప్ వేరుగా ఉండాలి, దాని గుర్తు వేరుగా ఉండాలి, తెరమీద రంగు కూడా వేరుగా ఉండాలి.

పని ఖాతాకు థండర్‌బర్డ్ అనే మెయిల్ యాప్ ఎంచుకున్నాను. దీని పూర్వరూపం 2008లో మొదలైన కె-9 మెయిల్. అది 2022లో, అప్పటికి కంప్యూటర్లలోనే ఉన్న థండర్‌బర్డ్ గూటికి చేరింది, 2024 అక్టోబరులో ఆండ్రాయిడ్‌కు థండర్‌బర్డ్ పేరుతోనే వచ్చింది. ఉచితం, ప్రకటనలు లేవు, ఖాతాకో రంగు ఇచ్చుకోవచ్చు. నాకు ఆ రంగు ముఖ్యం.

జూన్ 4, బుధవారం

సొంత డొమైన్ ఖాతాను చేర్చడానికి రెండున్నర గంటలు పట్టింది. ఎక్కడెక్కడ ఇరుక్కున్నానో రాసి పెట్టుకుంటున్నాను. ఫోను మార్చినప్పుడు మళ్లీ నాకే పనికొస్తుంది.

మొదట, ఉత్తరాలు తెచ్చుకునే పద్ధతి పాప్ (POP) కావాలా, ఐమ్యాప్ (IMAP) కావాలా అని అడిగింది. 2018లో ఒక టాబ్లెట్‌లో తెలియక పాప్ పెట్టాను. అది ఉత్తరాలను సర్వరు నుంచి తనలోకి దించుకుని అక్కడ చెరిపేస్తూ పోయింది. నాలుగు నెలల తర్వాత టాబ్లెట్ కింద పడి తెర పగిలింది, దానితో పాటే ఆ నాలుగు నెలల ఉత్తరాలూ పోయాయి. సర్వరులో కాపీ ఉంచమని చెప్పే గడి ఒకటి ఉంటుందట, నేను చూడలేదు. ఐమ్యాప్‌లో అసలు పెట్టె సర్వరులోనే ఉంటుంది, ఫోను దానిలోకి తొంగిచూసే కిటికీ మాత్రమే. ఇక్కడ చదివితే కంప్యూటర్‌లోనూ చదివినట్టే, ఇక్కడ తీసేస్తే అక్కడా పోయినట్టే. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ దీన్ని 1986లో రూపొందించాడు. స్మార్ట్‌ఫోను ఎవరి ఊహలోనూ లేని రోజుల్లోనే, ఒకే పెట్టెను నాలుగు చోట్ల నుంచి చూడవలసి వస్తుందని ఆలోచించినవాడు ఉన్నాడు.

ఐమ్యాప్ ఎంచుకున్నాను. వచ్చే ఉత్తరాలకు పోర్టు, అంటే సర్వరు తలుపు నంబరు, 993, వెళ్లేవాటికి 465. వాడుకరి పేరు దగ్గర నా పేరు మాత్రమే ఇచ్చాను, ఒప్పుకోలేదు. పూర్తి చిరునామా ఇవ్వాలి. ఇచ్చాను. ఈసారి భద్రతా ప్రమాణపత్రం పేరు సరిపోలడం లేదని ఎర్రటి హెచ్చరిక. దాని కింద 'అంగీకరించు' అనే బొత్తాం. నొక్కితే పని అయిపోతుంది, నొక్కాలనే ఉంటుంది. కాని ఆ హెచ్చరిక చెబుతున్నది ఏమిటంటే, నేను తలుపు తట్టిన ఇంటి పేరు ఒకటి, లోపలి మనిషి చూపిస్తున్న గుర్తింపు కార్డు మీద పేరు ఇంకొకటి. ఎందుకలా? నా డొమైన్ ఉండేది వందల డొమైన్లు కలిసి ఉండే సర్వరులో. ప్రమాణపత్రం ఆ సర్వరు సొంత పేరు మీద ఉంది, నేను ఇచ్చింది నా డొమైన్ పేరు. అద్దెదారుల పేర్లు గేటు మీద ఉండవు కదా. సర్వరులో చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ సంస్థ దగ్గరున్న నా ఖాతాలోకి వెళ్లి సర్వరు అసలు పేరు వెతికి పట్టుకుని అది ఇస్తే హెచ్చరిక దానంతట అదే పోయింది.

చివరిగా ఇంకొకటి. ఫోను నుంచి పంపిన ఉత్తరాలు కంప్యూటర్‌లో కనిపించలేదు. పంపినవి దాచే ఫోల్డరుగా యాప్ ఒకదాన్ని అనుకుంటోంది, సర్వరు ఇంకొకదాన్ని. ఖాతా సెట్టింగుల్లో ఫోల్డర్ల దగ్గర సరైనదాన్ని చూపించాక కుదిరింది.

ఖాతాకు కాషాయం రంగు పెట్టాను. ఇక ఆ రంగు కనిపిస్తే డబ్బు విషయం.

జూన్ 5, గురువారం

కాలేజీ నాటి ఖాతా. పాస్‌వర్డ్ ఆశ్చర్యంగా మొదటి ప్రయత్నంలోనే కుదిరింది, ఆ వయసులో నాకున్నది ఒకే పాస్‌వర్డ్. లోపల ఏమీ లేదు. ఏడాది పాటు తెరవకపోతే పెట్టె ఖాళీ చేస్తామని నియమాల్లో ఉందట. హాస్టలు రోజుల్లో అక్క రాసిన ఉత్తరాలు, ఉద్యోగాలకు పంపిన దరఖాస్తులు, ఎవరికీ చూపించని కొన్ని కవితలు అందులో ఉండాలి. కాసేపు ఆ ఖాళీ పేజీని చూసి మూసేశాను.

ఇది చూశాక మిగతావాటి నియమాలు చదివాను. గూగుల్ ఖాతా రెండేళ్లు ఏ కదలికా లేకుండా పడి ఉంటే తొలగిస్తారు. 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి అమల్లో పెట్టారు. పాతవాటిలో ఏదైనా ఉంచుకోవాలనిపించేవాళ్లు ఇవాళే తెరిచి చూసుకోవడం మంచిది.

ఆరోది కొట్టేశాను. ఇక ఐదు.

జూన్ 9, సోమవారం

పాఠ్యపుస్తకాల సంస్థ ఖాతా. ఇంతవరకు దాన్ని లాప్‌టాప్‌లోనే చూస్తున్నాను, ఫోనులో కూడా ఉంటే మేలనుకున్నాను. చిరునామా, పాస్‌వర్డ్ ఇచ్చాక మెయిల్ కనిపించాల్సిన చోట పొడవాటి పేజీ వచ్చింది. ఆ ఖాతా కావాలంటే మెయిల్ యాప్‌కు నా ఫోను మీద నిర్వాహక అధికారం ఇవ్వాలట. ఆ అధికారంలో ఏమేమి ఉంటాయో కింద రాసి ఉంది: తాళం తీయడానికి పాస్‌వర్డ్ ఎలా ఉండాలో నియమాలు పెట్టడం, తెరకు తాళం వేయడం, మొత్తం డేటాను చెరిపేయడం.

మొత్తం డేటా అంటే మొత్తమే. ఫోను పోగొట్టుకున్న ఉద్యోగి వల్ల సంస్థ కాగితాలు బయటపడకుండా పెట్టుకున్న ఏర్పాటు ఇది. వాళ్ల వైపు నుంచి చూస్తే న్యాయమే. కాని నేను వాళ్ల ఉద్యోగిని కాదు, ఫోను వాళ్లు కొనిచ్చింది కాదు. ఎవరో కుర్చీలో కూర్చుని పొరపాటున ఒక బొత్తాం నొక్కితే అమ్మ ఫొటోలు పోయే ఒప్పందం మీద నేను సంతకం పెట్టను. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు ప్రొఫైల్ అనే ఏర్పాటు ఉంది. ఆఫీసు యాప్‌లన్నీ వేరే గదిలో ఉన్నట్టు ఉంటాయి, చెరిపినా ఆ గది వరకే. మీరు అది వాడుతున్నారా అని ఆ సంస్థ సాంకేతిక విభాగాన్ని అడిగాను, లేదన్నారు.

వెనక్కి వచ్చేశాను. ఆ ఖాతాను బ్రౌజరులోనే చూస్తాను, రోజుకు రెండుసార్లు. ఫోనులో ఇక నాలుగు.

జూన్ 14, శనివారం

ఈ వారమంతా ఫోనులో మోగే గంటల మీదే పోయింది.

జీమెయిల్‌లో ఏ ఖాతాకు ఆ ఖాతాకు నోటిఫికేషన్లు విడిగా పెట్టుకోవచ్చు: అన్నీ, అధిక ప్రాధాన్యం ఉన్నవి మాత్రమే, ఏవీ వద్దు. సొంత ఖాతాకు 'అధిక ప్రాధాన్యం' పెట్టాను. సంఘం ఖాతాకు అన్నీ, కాని శబ్దం లేకుండా. ఒక్క రోజులోనే ఇల్లు నిశ్శబ్దమైంది. ఫోను పాడైందా అని రెండుసార్లు తీసి చూసుకున్నాను.

థండర్‌బర్డ్‌తో దీనికి సరిగ్గా ఎదురు సమస్య. మోగాల్సింది మోగడం లేదు. పొద్దున 9 గంటలకు వచ్చిన ఉత్తరం మధ్యాహ్నం నేను యాప్ తెరిచినప్పుడే కనిపిస్తోంది. యాప్‌ను తిట్టుకున్నాను గాని దాని తప్పు లేదు. ఐమ్యాప్‌లో ఫోను సర్వరుతో గీత తెగకుండా పట్టుకుని కూర్చుంటుంది, ఉత్తరం రాగానే సర్వరు పలుకుతుంది. ఈ పద్ధతి 1997 నుంచీ ఉన్నదే. కాని బ్యాటరీ ఆదా పేరుతో నా ఫోను, తెర ఆరిన కాసేపటికి ఆ గీతను తెంపేస్తోంది. సెట్టింగుల్లో ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేశాను. ఇప్పుడు ఉత్తరం నిమిషంలోపే వస్తోంది. బదులుగా నోటిఫికేషన్ల వరసలో 'కొత్త ఉత్తరాల కోసం ఎదురుచూస్తోంది' అన్న గీత ఒకటి ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. అది నచ్చనివాళ్లు 15 నిమిషాలకోసారి చూసి రమ్మని చెప్పుకోవచ్చు. బ్యాటరీ ఖర్చు ఎంత పెరిగిందో నాలుగు రోజులు గమనించాను. నాకు తేడా తెలియలేదు.

సంతకాలు కూడా మార్చాను. ప్రతి ఖాతాకూ వేరే సంతకం, ప్రతిదానికీ వేరే ప్రొఫైల్ బొమ్మ. సంఘానికి మా గేటు ఫొటో. జీమెయిల్ యాప్‌లో పెట్టిన సంతకం ఆ ఫోనుకే పరిమితం, కంప్యూటర్‌లో మళ్లీ విడిగా పెట్టుకోవాలి.

జూన్ 17, మంగళవారం

పింఛను ఇచ్చే బ్యాంకు ఫారం 16 పంపాల్సిన గడువు జూన్ 15. నాన్నగారికి రాలేదు. ఆయన వెళ్లి అడిగితే, మెయిల్ పంపామని, పెట్టె నిండిపోయి తిరిగొచ్చిందని చెప్పారట. "38 ఏళ్లు తపాలా శాఖలో పనిచేశాను. 'చిరునామాదారు లేరు' అని తిప్పి పంపాం, 'తీసుకోవడానికి నిరాకరించారు' అని తిప్పి పంపాం. 'పెట్టె నిండిపోయింది' అని మాత్రం ఏనాడూ పంపలేదు" అన్నారు.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క మెయిల్‌కే కాదు. ఫొటోలు, డ్రైవ్, ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్, అన్నిటికీ కలిపి అంతే. అది నిండితే ఉత్తరాలు రావు, పంపడమూ కుదరదు. నాన్నగారి మెయిల్ మొత్తం 2 జీబీ కూడా లేదు. మిగతా 13 జీబీ ఏమిటా అని చూస్తే పొద్దుటిపూట వచ్చే శుభోదయం బొమ్మలు, వేంకటేశ్వరస్వామి, సూర్యోదయాలు, తామరపువ్వుల వీడియోలు. వాట్సాప్‌లో వచ్చినవి వచ్చినట్టు గూగుల్ ఫొటోల్లోకీ బ్యాకప్‌లోకీ పోతున్నాయి. పదవీ విరమణ చేసిన స్నేహబృందం ఆప్యాయత అంతా కలిసి ఫారం 16కు అడ్డుపడింది.

లాప్‌టాప్‌లో ఆయన ఖాతా తెరిచి శుభ్రం చేద్దామని కూర్చున్నాను. పాస్‌వర్డ్ ఇవ్వగానే ఆయన ఫోనుకు 'లాగిన్ అవడానికి ప్రయత్నిస్తున్నది మీరేనా?' అన్న ప్రశ్న వెళ్తుంది. అవును నొక్కితే చాలు. ముందే ఫోను చేసి చెప్పాల్సింది, చెప్పలేదు. ఆయన కాదు నొక్కేశారు.

ఫోను చేశాను. "నాన్నా, అది నేనే. అవును నొక్కండి."

"నువ్వే కదమ్మా చెప్పావు, తెలియనిది ఏది అడిగినా కాదు నొక్కమని?"

"చెప్పాను. కాని ఈసారి నేనే కదా."

"నువ్వు హైదరాబాదులో ఉన్నావు. అది 'మీరేనా' అని అడిగింది. నేను తెనాలిలో ఉన్నాను. కాదు అనే కదా చెప్పాలి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆలోగా గూగుల్ ఆయన్ను పాస్‌వర్డ్ మార్చుకోమంది. ఆయన శ్రద్ధగా మార్చుకున్నారు. మూడేళ్లుగా ఆయన ఖాతా ఉన్న నా ఫోను ఆ సాయంత్రమే కొత్త పాస్‌వర్డ్ అడగడం మొదలుపెట్టింది. అడిగితే ఫోనులో చెప్పకూడదన్నారు. అది కూడా నేను చెప్పిన మాటే.

జూన్ 22, ఆదివారం, తెనాలి

లాప్‌టాప్ పట్టుకుని వచ్చాను. పెద్ద వీడియోలు ముందు తీసేశాం. పరిమాణం వారీగా చూపించే పేజీ గూగుల్ ఖాతాలోనే ఉంటుంది. రెండు గంటల్లో 15లో 9 జీబీ ఖాళీ అయ్యింది. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు చేర్చవద్దని పెట్టాను. ఏ ఒక్క తామరపువ్వునూ ఆయన్ను అడగకుండా తీయలేదు.

తర్వాత, నా ఫోనులో ఆయన ఖాతా మళ్లీ పెట్టుకోవడానికి పాస్‌వర్డ్ అడిగాను. ఆయన కొంచెం ఆగి అడిగారు: "నాకు వచ్చేవన్నీ నువ్వు చదువుతున్నావా ఇన్నాళ్లూ?"

అన్నీ చదవడం లేదని, ముఖ్యమైనవే చూస్తున్నానని చెప్పాను. చెబుతున్నప్పుడే అది జవాబు కాదని తెలుస్తోంది. ఏది ముఖ్యమో తెలియాలంటే అన్నీ చూడాలి కదా. "ఏం లేవులే చూడటానికి" అన్నారాయన. "అయినా ఉత్తరం మీద ఎవరి పేరుంటే వాళ్ల చేతికే ఇచ్చేవాళ్లం. ఇంట్లోవాళ్లయినా సరే, రిజిస్టరు ఉత్తరమైతే అధికారపత్రం ఉండాల్సిందే."

ఈ ప్రాజెక్టులో ఖాతాల సంఖ్య తగ్గించడమే గొప్పనుకుంటూ వచ్చాను. ఒక ఖాతా అసలు నా దగ్గర ఉండాలా అని మాత్రం ఆలోచించలేదు.

కాబట్టి పద్ధతి మార్చాం. ఆయన ఖాతా ఆయన ఫోనులోనే ఉంటుంది. బ్యాంకు, ఆదాయపు పన్ను శాఖ, ఆరోగ్య బీమా, కరెంటు బిల్లు, ఈ నాలుగు చోట్ల నుంచి వచ్చే ఉత్తరాల నకలు మాత్రం నాకు వస్తుంది. ఏవి పంపాలో ఆయనే చెప్పారు, నేను రాసుకున్నాను. దీనికి ఫోను యాప్ పనికిరాదు. ఫిల్టర్లు (ఏ ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే నియమాలు), ఫార్వర్డింగ్ (నకలు ఇంకో చిరునామాకు పంపడం) కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి పెట్టాల్సిందే. ముందుగా నా చిరునామా ఇస్తే నాకొక నిర్ధారణ సంకేతం వచ్చింది, దాన్ని అక్కడ ఇచ్చాక ఒక్కో సంస్థ చిరునామాతో ఒక్కో ఫిల్టరు పెట్టాం. నాలుగోది ఆయనే పెట్టారు. సార్టింగులో గూళ్లలాంటిదేనని అన్నాక నేను ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది.

చిరునామాలో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఒక మాట చేర్చితే, ఉదాహరణకు 'బిల్లులు' అని, అదీ మన పెట్టెకే వస్తుందని చూపించాను. ఎవరికి ఏ మాట ఇచ్చామో దాన్నిబట్టి ఫిల్టరు వేసుకోవచ్చు. ఆయనకు తెగ నచ్చింది. "1972లో పిన్‌కోడ్ వచ్చినప్పుడు మావాళ్లూ ఇలాగే, ఆరు అంకెలు ఎవరు రాస్తారులే అన్నారు" అని మొదలుపెట్టి అరగంట చెప్పారు. కొన్ని వెబ్‌సైట్లు ప్లస్ గుర్తును తప్పు చిరునామా అని తిప్పికొడతాయన్న సంగతి మర్నాడు చెప్పాను.

నా వైపు పని ఒకటి మిగిలింది. ఆయన దగ్గర నుంచి వచ్చే నకళ్లలో పంపినవారి పేరు బ్యాంకుదే ఉంటుంది, 'ఎవరికి' అన్న చోట ఆయన చిరునామా ఉంటుంది. కనుక నా జీమెయిల్‌లో, ఆయన చిరునామాకు రాసినదేదైనా వస్తే 'నాన్న పనులు' అన్న లేబుల్ కింద పెట్టమన్నాను. ఆ లేబుల్‌కు గంట పెట్టాను.

ఫోనులో ఇక మూడు.

జూన్ 28, శనివారం

ఫారం 16 వచ్చింది. రిటర్ను వేశాం, ఆధార్ ఓటీపీతో నిర్ధారించాం. రాయడానికి ఏమీ లేదు, అంతా సాఫీగా జరిగింది.

జూలై 6, ఆదివారం, తొలి ఏకాదశి

గడువు నెల దాటిపోయింది. మిగిలింది సంఘం ఖాతా.

ఈ ఖాతాకు ముగ్గురం యజమానులం: అధ్యక్షుడు, కోశాధికారి, నేను. ఒకే పాస్‌వర్డ్. ఇది మంచి పద్ధతి కాదని తెలుసు. కాని ప్రతి ఆగస్టులో మారిపోయే ముగ్గురి కోసం దీనికి మించిన ఏర్పాటు చేయడం నాకు సాధ్యం కాలేదు. అసలు చిక్కు పాస్‌వర్డ్‌తో కాదు. ఒకరు తెరవగానే ఉత్తరం 'చదివినది' అయిపోతుంది. మిగతా ఇద్దరికి అది నల్లటి అక్షరాల్లో కనిపించదు, ఎవరో చూసుకున్నారులే అనుకుంటాం. లిఫ్టు వార్షిక నిర్వహణ ఒప్పందం ముగుస్తోందన్న ఉత్తరాన్ని ఏప్రిల్‌లో ముగ్గురం చదివాం, ముగ్గురం వదిలేశాం. మూడో అంతస్తు పెద్దావిడ పది రోజులు మెట్లెక్కారు.

నక్షత్రం గుర్తుతో ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరు తెరిస్తే వాళ్లు నక్షత్రం పెట్టాలి. పని పూర్తయ్యాక, పూర్తి చేసినవాళ్లే తీసేయాలి. నక్షత్రం ఉన్నంతకాలం అది ముగ్గురి మెడ మీదా ఉన్నట్టే. అధ్యక్షులవారు పది రోజులు ప్రతి ఉత్తరానికీ నక్షత్రం పెట్టారు, ఒక్కటీ తీయలేదు. కోశాధికారి నక్షత్రాలు లెక్కపెట్టి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టాక దారికి వచ్చారు.

నా ఫోనులో సంఘం ఖాతాను సమకాలీకరణలో (సింక్, అంటే సర్వరుతో సరిచూసుకుంటూ ఉండేలా) ఉంచాను గాని 'అన్ని ఇన్‌బాక్స్‌లు' వాడటం మానేశాను. వారం రోజులుగా ఏ ఉత్తరమూ తప్పు చోటు నుంచి వెళ్లలేదు. ఒకసారి వెళ్లబోయింది. గేటు ఫొటో చూసి ఆగాను.

జూలై 20, ఆదివారం

సొంత ఖాతాను మామూలుగా, ఏ తొందరా లేకుండా తెరిచాను. శుక్రవారం పొద్దున వచ్చిన ఉత్తరం ఒకటి కింద ఎక్కడో ఉంది. పంపినవారు నాన్నగారు. ఈ ఖాతాకు ఆయన ఇంతవరకు ఎన్నడూ రాయలేదు.

"చి.సౌ. అమ్మాయికి మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను. ఆదాయపు పన్ను వారి నుండి 143(1) నోటీసు అందినది. నీకు కూడా నకలు వచ్చి ఉండవచ్చును. పాస్‌వర్డ్ అడిగినది. పాన్ సంఖ్య చిన్న అక్షరాలలో, ఆ వెంట ఖాళీ లేకుండా పుట్టిన తేదీ ఎనిమిది అంకెలలో ఇవ్వగా తెరుచుకొన్నది. ఇది నేనే చేసితిని. రూ. 3,240 తిరిగి వచ్చునట. మీ అమ్మ గోంగూర పచ్చడి పెట్టినది, ఎవరైనా వస్తుంటే పంపగలము. వెంటనే జవాబు వ్రాయగలవు."

రిటర్ను లెక్క చూసి పన్ను శాఖ పంపే ఆ 143(1) ఉత్తరం నకలు నాకు గురువారమే వచ్చింది. గంట కూడా మోగింది, వెంటనే తెరిచి చూశాను. దాని గురించి నాన్నగారు రాసిన ఉత్తరానికి మాత్రం మోగలేదు. ఎందుకంటే నేను ఫిల్టరు పెట్టింది 'ఎవరికి' అన్న చోట ఆయన చిరునామా ఉన్నవాటికి. ఆయనే రాసినప్పుడు ఆ చిరునామా 'ఎవరి నుంచి' అన్న చోట ఉంటుంది. సొంత ఖాతాలో మోగేది అధిక ప్రాధాన్యం ఉన్నవాటికే. మొదటిసారి రాసిన మనిషి ఉత్తరం ముఖ్యమైనదని యాప్‌కు ఎలా తెలుస్తుంది?

జవాబు రాశాను. ఆలస్యానికి కారణం కూడా రాశాను. తర్వాత లాప్‌టాప్ తెరిచి ఇంకో ఫిల్టరు పెట్టాను: ఆయన నుంచి వచ్చినవాటికి 'నాన్న' అని విడి లేబుల్. ఫోనులో జీమెయిల్ సెట్టింగులకు వెళ్లి ఆ లేబుల్‌కు సమకాలీకరణ 30 రోజులకు పెట్టి, నోటిఫికేషన్ శబ్దం ఇచ్చాను. సమకాలీకరణ పెట్టకపోతే లేబుల్‌కు గంట పెట్టే గడి తెరుచుకోదు. పరీక్షించడానికి ఒక ఉత్తరం పంపమని ఆయనకు ఫోను చేస్తే, రాయడానికి విషయమేమీ లేదన్నారు.